రంగులు – సందేహాలు: పాత గురువుల పద్ధతిలో తైలవర్ణ రూపచిత్రం

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడుగుతున్నాయి. పదిహేనవ శతాబ్దం నుండి పదిహేడవ శతాబ్దం వరకు యూరప్‌లో పనిచేసిన మహాచిత్రకారుల పద్ధతిలో, నూనె రంగులతో మనుషుల రూపచిత్రాలను మన ఊళ్ళలో, మన ఎండలో, మన అంగళ్ళలో దొరికే సరుకుతో వేయడం సాధ్యమేనా అన్నది వాటి సారాంశం. కొందరు తమ పేరు వేయవద్దని కోరినందున అందరి పేర్లనూ తీసివేసి ఊళ్ళ పేర్లు మాత్రమే ఉంచాను.

ప్రశ్న: నేను డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. మా నాయనమ్మను కూర్చోబెట్టి డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ శైలిలో ఆమె బొమ్మ మొదలుపెట్టాను. ముందు బూడిద రంగులో బొమ్మంతా పూర్తిచేసి, ఆరిన తరువాత పైన పలుచని రంగులు పూయాలని వీడియోలలో చెప్పినట్లే చేశాను. చివరకు ముఖమంతా మురికి గోధుమ రంగులో మునిగిపోయింది. పొరపాటు ఎక్కడ జరిగింది సార్? – విద్యార్థిని, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు ఒక గురువు పద్ధతితో మరొక గురువు బొమ్మను వేయబోయారు. పాత చిత్రకారులందరూ ఒకే విధంగా పనిచేశారన్నది వీడియోలు పుట్టించిన భ్రమ. 1433లో ఎర్ర తలపాగా మనిషిని చిత్రించిన యాన్ వాన్ ఐక్, ఓక్ చెక్క మీద సుద్ద పూసి తెల్లగా నునుపు చేసి, దానిపై పారదర్శకమైన రంగు పొరలను ఒకదానిపై ఒకటి పరిచాడు. వెలుతురు ఆ పొరల గుండా లోపలికి వెళ్ళి, అడుగున ఉన్న తెలుపును తాకి తిరిగి వస్తుంది కనుకనే ఆ బొమ్మ నేటికీ లోపలినుండి వెలుగుతున్నట్లు కనబడుతుంది. రెంబ్రాంట్ దారి వేరు. ఆయన గోధుమ లేదా బూడిద ఛాయ ఉన్న పూత మీద గోధుమ రంగుతోనే బొమ్మ గీసుకుని, నీడలను పలుచగా వదిలివేసి, వెలుగు పడిన నుదుటి మీద, ముక్కు దూలం మీద, చెంప ఎముక మీద సీసపు తెలుపు కలిసిన చిక్కని రంగును మందంగా పెట్టాడు. బూడిద బొమ్మకు రంగునీళ్ళు అద్దడం ఆయన పద్ధతి కాదు.

ఇక రెండవ సంగతి. ఆరిన బొమ్మపై పూసే ఏ పారదర్శకమైన పొరైనా కింద ఉన్నదానిని కొంత ముదురు చేస్తుంది. అందుచేత బూడిద బొమ్మ వేసే పక్షంలో, చివరకు మీరు కోరుకునే ఛాయ కంటే రెండు మెట్లు లేతగా వేయాలి. మీరు నాయనమ్మ ముఖం ఎంత ఛాయలో ఉన్నదో అంత ఛాయలోనే వేసి, దానిపై నాలుగు పొరలు పూశారని మీ ఉత్తరంతో వచ్చిన ఫొటోలో తెలుస్తున్నది.

మూడవది, గోధుమ రంగు మీద మనకున్న మోజు. పాత బొమ్మలన్నీ తేనె రంగులో ఉంటాయని మనం అనుకుంటాము. చాలా బొమ్మలలో అది చిత్రకారుడు వేసిన రంగు కాదు, కాలక్రమంలో పచ్చబడిన వార్నిష్. రెంబ్రాంట్ 1642లో వేసిన పెద్ద బృందచిత్రానికి 'రాత్రి పహరా' అన్న పేరు ఆయన మరణించి వందేళ్ళు దాటిన తరువాత వచ్చింది. వార్నిష్ నల్లబడి అది రాత్రి దృశ్యంలాగా కనిపించడమే కారణం. 1940లలో ఆ వార్నిష్‌ను తొలగించినప్పుడు పగటి వెలుతురు బయటపడింది. కనుక నాయనమ్మను గోధుమ రంగులో ముంచకండి. మళ్ళీ మొదలుపెట్టి, రా అంబర్ అనే గోధుమ మట్టి రంగుకు కొద్దిగా తెలుపు కలిపి కాన్వాస్ అంతటా మధ్యస్థమైన ఛాయ ఒకటి పూయండి. అది ఆరిన తరువాత అంబర్‌తో నీడల ఆకారాలను మాత్రమే గీయండి, వెలుగు ఉన్న చోట్ల గుడ్డతో తుడవండి. రంగులోకి వెళ్ళినప్పుడు నీడలో తెల్ల రంగు కలపకుండా నిగ్రహించుకోగలిగితే సగం మురికి అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: పాత పుస్తకాలలో చెప్పిన చర్మపు రంగుల మిశ్రమాలు మనవారి ముఖాలకు సరిపోవడం లేదు. ఆకుపచ్చ పూత మీద గులాబి రంగు వేస్తే మనిషికి జబ్బు చేసినట్లున్నది. నల్ల రంగు కలిపితే బొగ్గులా మారుతున్నది. పిల్లలకు ఏమని నేర్పాలి? – డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: ఆ ఆకుపచ్చ పూత ఇటలీలో గుడ్డుసొన రంగుల కాలం నాటిది. లేత గులాబి చర్మం కింద చల్లని ఛాయ కనిపించాలని దానిని వాడేవారు. పైనున్న గులాబి కాలక్రమంలో పలుచబడి ఆ కాలపు ముఖాలు కొన్ని నేడు నిజంగానే ఆకుపచ్చగా కనబడుతున్నాయి. మన ముఖాలకు దానితో పని లేదు.

గురువుల దగ్గర మన పిల్లలు చూడవలసిన బొమ్మలు వేరే ఉన్నాయి. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1650లో రోమ్‌లో ఉన్నప్పుడు, తన దగ్గర బానిసగా పనిచేస్తున్న హువాన్ దె పరేహా రూపచిత్రాన్ని వేశాడు. ఆ ఏడాదే అతనికి విముక్తి పత్రం రాసి ఇచ్చాడు. పరేహా తరువాత స్వయంగా చిత్రకారుడయ్యాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మను వారి వెబ్‌సైట్‌లో ఎంత పెద్దదిగా కావాలంటే అంత పెద్దదిగా చూడవచ్చు. గోధుమ వర్ణపు నుదుటి మీద వెలుగు పడిన చోటును చూడండి: అక్కడ రంగు పసుపుగానో గులాబిగానో మారలేదు, చల్లబడి బూడిద వైపు వెళ్ళింది. బుగ్గ వెలుగు నుండి నీడలోకి తిరిగే చోట ఎరుపు పెరిగింది. నీడ వెచ్చగా, పలుచగా ఉన్నది. రెంబ్రాంట్ 1661లో వేసిన ఇద్దరు ఆఫ్రికన్ పురుషుల చిత్రంలోనూ నల్లని చర్మం నల్ల రంగుతో కట్టినది కాదని గమనించవచ్చు.

పిల్లలకు నాలుగైదు రంగులు చాలు: తెలుపు, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, రా అంబర్, అల్ట్రామెరైన్ నీలం. బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరైన్ రెండింటినీ కలిపితే వచ్చే ముదురు ఛాయ, ట్యూబులోని నలుపు కంటే సజీవంగా ఉంటుంది. అందులో ఏది ఎక్కువైతే నీడ అటు వెచ్చగానో చల్లగానో మొగ్గుతుంది. పొలం పని చేసిన మనిషి ముఖంలో రుమాలు కింది నుదురు ఒక రంగు, ఎండ తగిలిన ముక్కు, చెంపలు మరొక రంగు, గడ్డం చుట్టూ ఇంకొక రంగు ఉంటాయి. ఒకే 'స్కిన్ కలర్' ట్యూబును కొనిపించే అలవాటును మాత్రం బడిలో నుండి ముందు తీసివేయండి.

ప్రశ్న: మా దగ్గర గానుగలో అవిసె నూనె ఆడించి ఇస్తారు. పాత చిత్రకారులు వాడింది కూడా అవిసె నూనే కదా. దానినే రంగులలో వాడవచ్చునా? పల్లి నూనె, కుసుమ నూనె కూడా పనికివస్తాయా? హార్డ్‌వేర్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ సంగతి ఏమిటి? – జగిత్యాల

జవాబు: నూనె రంగు తడి గుడ్డ ఆరినట్లు ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొరగా మారుతుంది. ఈ గుణం అన్ని నూనెలకూ లేదు. పల్లి నూనె ఏళ్ళు గడిచినా జిడ్డుగానే ఉంటుంది. నువ్వుల నూనెతోనూ పని కాదు. కుసుమ నూనె ఆరుతుంది. అవిసె కంటే తక్కువ పచ్చబడుతుంది కాబట్టి కొన్ని కంపెనీలు తెల్ల రంగును దానితోనే నూరుతాయి. అయితే నెమ్మదిగా ఆరుతుంది, పొర అంత గట్టిగా ఉండదు. వాల్‌నట్, గసగసాల నూనెలు కూడా ఈ జాతివే. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ గుహలలో ఏడవ శతాబ్దం నాటి బౌద్ధ చిత్రాలలో అటువంటి ఆరే నూనెలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. నూనె రంగును వాన్ ఐక్ కనిపెట్టాడని చెప్పే పాత కథ దీనితో మరింత బలహీనపడింది.

గానుగ నూనె విషయానికి వస్తే, అందులో గింజ జిగురు కలిసి ఉంటుంది, దానివలన పొర పచ్చబడుతుంది. పూర్వం నూనెకు నీళ్ళు కలిపి బాగా గిలక్కొట్టి, జిగురు అడుగున దిగిన తరువాత పైనూనెను తీసి, గాజు సీసాలో ఎండకు పెట్టేవారు. ఓపిక ఉంటే ఒక చిన్న సీసా చేసి చూడండి, సంతోషమే. ఎవరికైనా డబ్బుకు వేసి ఇచ్చే బొమ్మలో మాత్రం చిత్రకారుల కోసం తయారైన రిఫైన్డ్ నూనెనే వాడండి. డబుల్ బాయిల్డ్ నూనె తలుపులకు, దర్వాజలకు పనికివస్తుంది. అందులో త్వరగా ఆరడానికి కలిపే మందులు ఉంటాయి, బొమ్మను నల్లబరుస్తాయి.

అడగలేదు గాని చెప్పవలసినది ఇంకొకటి ఉన్నది. కింది పొరలో నూనె తక్కువగా, పై పొరలో ఎక్కువగా ఉండాలి. నూనె ఎక్కువైన పొర మెల్లగా ఆరుతూ చాలాకాలం కదులుతుంది. దానిపై త్వరగా ఆరే పలుచని పొర వేస్తే పైపొర పగులుతుంది. అందుకే మొదటి పొరలకు అంబర్ మేలు, అందులోని మాంగనీసు వలన అది త్వరగా ఆరుతుంది.

ప్రశ్న: నిర్మల్ బొమ్మలకు వాడే డ్యూకో పెయింట్ పూసిన పలక మీద నూనె రంగుతో రూపచిత్రం వేయవచ్చునా? – నిర్మల్

జవాబు: వద్దు. ఆ నునుపైన, గట్టి పొరను నూనె రంగు పట్టుకోదు, కొన్నాళ్ళకు పెచ్చులుగా లేస్తుంది.

ప్రశ్న: ఉత్తరపు కిటికీ వెలుతురు రూపచిత్రానికి శ్రేష్ఠమని చదివి, ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిని అద్దెకు తీసుకున్నాను. మే నెలాఖరు నుండి ఉదయం, సాయంత్రం ఎండ నేరుగా గదిలోకి వస్తున్నది. మధ్యాహ్నం కూడా కిటికీ గడప మీద ఎండ పడుతున్నది. చదివినది తప్పా? – మంచిర్యాల

జవాబు: చదివినది ఆమ్‌స్టర్‌డామ్‌కు ఒప్పు. ఆ ఊరు 52 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది, అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపే ఉంటాడు. మన వరంగల్ 18 డిగ్రీల దగ్గర, మంచిర్యాల 19కి కాస్త దిగువన ఉన్నాయి. మే నెల మధ్య నుండి జూలై చివరి వరకు సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి జరుగుతాడు. అంటే ఆ రెండున్నర నెలలు ఉత్తరపు కిటికీ మనకు ఎండ కిటికీ. మార్చి చివరి నుండి సెప్టెంబరు వరకు కూడా సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల ఏటవాలు ఎండ ఉత్తరం నుండి తొంగిచూస్తుంది. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు మీ గది మీరు చదివినట్లే ఉంటుంది, అద్దె దండుగ కాలేదు.

ఎండాకాలానికి ఉపాయం లియొనార్డో డావిన్సీ రాసిపెట్టిన మాటలలో ఉన్నది. రూపచిత్రానికి నల్లని గోడలున్న వాకిలి కావాలని, ఎండ ఉన్నప్పుడు పైన నార గుడ్డ పందిరి వేయాలని, లేదా సాయంత్రం పూటో మబ్బు పట్టిన రోజునో వేయాలని ఆయన సలహా. నడుమ వాకిలి వదిలి చుట్టూ కట్టిన పాత పెంకుటిళ్ళు మన జిల్లాలలో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అటువంటి ఇల్లు బంధువులలో ఎవరికైనా ఉంటే, వాకిలిపై తెల్లని మల్లు గుడ్డ కట్టి, అరుగు మీద మనిషిని కూర్చోబెట్టండి. ఏ స్టూడియోలోనూ దొరకని మెత్తని వెలుతురు అక్కడ దొరుకుతుంది. అది కుదరకపోతే కిటికీ కింది సగాన్ని మందపాటి గుడ్డతో మూసి, పై సగానికి పలుచని తెల్ల గుడ్డ కట్టండి. వెలుతురు పైనుండి, ఒక్క వైపు నుండి పడాలి. ట్యూబులైటు ఆర్పివేయాలి.

ప్రశ్న: ముప్పై ఏళ్ళు షాపుల బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు చనిపోయిన వారి బొమ్మలు ఆయిల్‌లో వేసి ఇవ్వమని అడుగుతున్నారు. చాలామంది దగ్గర బ్యాంకు పాస్‌బుక్ కోసం దిగిన ఫొటో తప్ప ఏమీ ఉండదు. వారి బాపు ముఖం రెండడుగుల ఎత్తున కావాలంటారు. పాత గురువుల బొమ్మలలోని నిండుదనం ఎలా తేవాలి? – పెద్దపల్లి

జవాబు: బోర్డులు రాసిన చేతికి గీత మీద పట్టు ఉంటుంది, అది చిన్న ఆస్తి కాదు. అడ్డంకి ఫొటోలో ఉన్నది. ఫ్లాష్ ముఖానికి ఎదురుగా కొట్టడం వలన నీడలన్నీ చెరిగిపోతాయి; నీడ లేని చోట ముక్కు ఎత్తు, కంటి గుంట లోతు తెలియవు. దానిని ఊహతో పూరించబోతే ముఖం మారిపోతుంది, ఇంటివారు మొదట పట్టుకునేది అదే.

ఫొటో నుండి కొలతలను మాత్రమే తీసుకోండి: కళ్ళ మధ్య దూరం, ముక్కు పొడవు, పై పెదవి వెడల్పు, చెవి కుదురు. వెలుతురు కోసం ఆ ఇంటిలోనే ఆయన ముఖకవళికలు వచ్చిన కొడుకునో తమ్ముడినో అడిగి, ఎడమ వైపు కిటికీ ఉండేట్లు కూర్చోబెట్టి, నీడలు పడే తీరును పెన్సిల్‌తో గీసుకోండి, ఫోనులో ఫొటో కూడా తీసుకోండి. తరువాత ఆ నీడలను బాపు కొలతల మీద పరచండి. వయసు మడతలను ఇంటివారిని అడిగి తెలుసుకోవాలి. నవ్వితే ఏ బుగ్గ ముందు కదిలేది, మాట్లాడేటప్పుడు ఏ కనుబొమ్మ లేచేది అని అడిగితే, ఫొటోలో లేనివి చాలా చెబుతారు.

ముఖాన్ని జానెడుకు మించనివ్వకండి. పాత గురువులు తలను చాలాసార్లు నిజ పరిమాణం కంటే కొద్దిగా చిన్నదిగానే వేశారు, ఎందుకంటే గోడ మీద అంతకు మించిన తల భయపెడుతుంది. రెండడుగుల ఎత్తు కావాలంటే రెండడుగుల కాన్వాస్ మీద భుజాలు, కండువా, చేతులు వచ్చేట్లు వేయండి. ముఖం మీద పడిన శ్రద్ధలో పావు వంతు బట్టలకు చాలు. తెల్ల పంచె నీడలో తెల్లగా ఉండదు, బూడిద నీలం కలిసి ఉంటుంది, అందులో శుద్ధమైన తెలుపు ఒకటి రెండు మడతల మీదే రావాలి. కళ్ళలో మెరుపు చుక్క ఒక్కటే, వెలుతురు వచ్చే వైపే పెట్టండి.

'కొంచెం తెల్లగా వేయండి' అని అడిగేవారు తప్పక ఉంటారు. మీ వెలుగు పక్కను ఒక మెట్టు పెంచండి గాని మనిషి రంగును మార్చకండి. మారిస్తే పోలిక పోతుంది, ఆ నేరం మీ మీదనే పడుతుంది.

ప్రశ్న: చేర్యాల నకాషీ పటాలకు బట్ట మీద తెల్లమట్టి, గంజి, చింతగింజల జిగురు పూస్తారు. ఆ పూత మీద నూనె రంగు వేస్తే నిలుస్తుందా? – సిద్దిపేట

జవాబు: మంచి ప్రశ్న, నాకు ఇష్టమైనది కూడా. వాన్ ఐక్ చెక్క మీద పూసిన సుద్దా జంతువుల జిగురూ, మన నకాషీ వారి తెల్లమట్టీ చింతగింజల జిగురూ ఒకే ఆలోచన నుండి వచ్చినవి. తేడా అడుగున ఉన్నది. చెక్క వంగదు, బట్ట వంగుతుంది. నకాషీ రంగులు పలుచనివి కనుక చుట్టినా తట్టుకుంటాయి. నూనె పొర ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసుబారి, కింది మట్టిపూతతో కలిసి పగులుతుంది. వానాకాలంలో గంజి, జిగురు తేమను పీల్చి ఉబ్బుతాయి, బూజు కూడా పడుతుంది. కావాలంటే ప్లైవుడ్ పలకకు బట్టను అతికించి, దానిపై పలుచగా రెండు మూడు పూతలు పూసి, ఉప్పు కాగితంతో నునుపు చేసి, నూనెను ఎక్కువగా పీల్చకుండా చివర పలుచని జిగురు పూత ఇచ్చి మీ సొంత అభ్యాసానికి వేసి చూడండి. అమ్మే బొమ్మకు అక్రిలిక్ జెస్సో అనే తెల్లని అడుగుపూత పూసిన కాన్వాస్ చాలు.

ప్రశ్న: పెదవులకు, చీరకు వేసిన క్రిమ్సన్ ఎరుపు రెండేళ్ళలో వెలిసిపోయింది. నూనె రంగులు వందల ఏళ్ళు ఉంటాయంటారు కదా? – కరీంనగర్

జవాబు: నూనె ఉంటుంది, రంగు అన్నది ఆ రంగుపొడిని బట్టి ఉంటుంది. ఇంగ్లండ్ చిత్రకారుడు రేనాల్డ్స్ వేసిన ముఖాలలోని ఎరుపు ఆయన బ్రతికి ఉండగానే వెలిసి, మనుషులు పాలిపోయారు. డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన 'ముత్యపు చెవిపోగు అమ్మాయి' బొమ్మలో ఆమె వెనుక నేడు కనిపించే నలుపు ఒకప్పుడు నిగనిగలాడే ముదురు ఆకుపచ్చ. అందులో వాడిన నీలిమందు, ఒక మొక్క నుండి తీసిన పసుపు రెండూ వెలిసిపోయాయి. అదే బొమ్మలో తలపాగాకు వాడిన నీలం లాజవర్దు రాయి నుండి తీసినది, అది నిలిచింది. ట్యూబు వెనుక రంగుపొడి గుర్తుగా పీఆర్ 83 (PR83) అని ఉంటే అది అలిజరిన్, పలుచగా పూస్తే వెలుస్తుంది. క్వినాక్రిడోన్ ఎరుపులు కొనండి. మట్టి రంగులు, అంటే ఓకర్, సియెన్నా, అంబర్, ఎంత చవక కంపెనీవైనా దాదాపు మోసం చేయవు.

ప్రశ్న: బొమ్మ పూర్తయిన వారానికే వార్నిష్ పూయవచ్చునా? వానాకాలంలో ఎక్కడ దాచాలి? రంగు తుడిచిన గుడ్డలను ఏమి చేయాలి? – వరంగల్

జవాబు: పలుచగా వేసిన బొమ్మకైనా ఆరు నెలలు ఆగాలి, మందంగా వేసిన చోట్లు ఉంటే ఏడాది. అప్పటికీ తరువాత తీసివేయగలిగిన వార్నిష్‌నే వాడాలి. ఆరని బొమ్మను చీకటి బీరువాలో పెడితే నూనె పచ్చబడుతుంది. అప్పుడు కంగారుపడకుండా వెలుతురు ఉన్న గదిలో, ఎండ నేరుగా తగలని చోట కొన్ని వారాలు ఉంచితే ఆ పసుపు చాలావరకు విరుగుతుంది. వానాకాలంలో గోడకు ఆనించకుండా, బొమ్మ వెనుక గాలి ఆడేట్లు రెండు చెక్క ముక్కలు పెట్టి వేలాడదీయండి.

గుడ్డల సంగతి అన్నింటికంటే ముఖ్యమైనది. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటకు పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. మన మే నెల ఎండలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. పని అయిన వెంటనే గుడ్డలను విడివిడిగా విప్పి ఆరుబయట తీగ మీద ఆరవేయండి, లేదా నీళ్ళు పోసిన మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. అట్టపెట్టెలో మాత్రం వేయవద్దు.